గ్రామఫోను ముల్లు: అరుగుదల, ధ్వనిపై దాని ప్రభావం

రికార్డు మీది గాడిలో నడుస్తూ, ఆ గాడి గోడల వంపులను కదలికగా మార్చే మొన గ్రామఫోను ముల్లు. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోనులో అది ఉక్కు సూది. తరవాతి కరెంటు ప్లేయర్లలో నీలమణి లేదా వజ్రపు తునక. ఏదైనా గాడి గోడలను ఒరుసుకుంటూ పోవలసిందే కనుక అరుగుదల తప్పదు. అరిగిన ముల్లు వల్ల నష్టం రెండు విధాలు. మొదటిది, ఆ పూట వినే పాట పాడవుతుంది. ముల్లు మారిస్తే ఇది పోతుంది. రెండోది, రికార్డు గాడి గోడ చెక్కుకుపోతుంది. ఇది ఎన్ని ముళ్ళు మార్చినా పోదు. వినేవాళ్ళు మొదటిదాన్నే పట్టించుకుంటారు. రికార్డులు దాచుకునేవాళ్ళకు రెండోదే అసలు బాధ.

తెలుగు రికార్డుల్లో, ముఖ్యంగా నాటక పద్యాల ప్లేట్లలో, ఈ నష్టం పోగుపడే చోటు ఒకటి ఉంది: ప్రతి వైపునా చివరి అర నిమిషం. గాయకుడు పద్యం ముగించి రాగం అందుకునేది అక్కడే. ముల్లు బాగా అరిగి ఉండేదీ, గాడి నిదానంగా కదిలేదీ కూడా అక్కడే.

పద్యం, ప్లేటు

రాగయుక్తమైన పద్యం తెలుగు రంగస్థలానికి ప్రాణం కావడంలో రాయలసీమలోని ధర్మవరానికి వాటా ఉంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడే పుట్టారు. బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ సరసవినోదిని సభ స్థాపించి, చిత్రనళీయం, విషాద సారంగధర వంటి నాటకాలు రాసి ఆడించారు. నాటకంలో పాటకూ రాగానికీ పెద్దపీట వేసినవారిలో ఆయన మొదటి వరసలో ఉంటారు. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946) మాత్రం సహజ నటన వైపు మొగ్గి, రంగస్థలం మీద రాగాన్ని సాగదీయడం ఇష్టపడలేదు. మామకూ మేనల్లుడికీ కుదరని ఈ విషయంలో జనం తీర్పు రాగం వైపే పడింది. 1920, 1930లలో కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు ఊరూరా మోగింది గ్రామఫోను బాకాలోంచే.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. తొలి ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడల్లో తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చాక ఇక్కడే తయారయ్యాయి. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం పైన పాడుతుంది. రాత్రంతా సాగే నాటకంలో వన్స్‌మోర్‌లతో పావుగంట లాగే పద్యాన్ని ఈ మూడు నిమిషాల్లో ఇమడ్చాలి. అందుకే పద్యాన్ని గబగబా చదివి, మిగిలిన జాగా అంతా రాగానికి ఇవ్వడం గాయకులకు అలవాటైంది. ఆ రాగం ప్లేటు లోపలి చుట్లలో పడింది.

ఉక్కు ముల్లు

78 ప్లేటు ముడిసరుకు లక్క. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద విడిచే బంక నుంచి దాన్ని తీస్తారు. ప్రపంచానికి లక్కను ఎక్కువగా అందించింది మన దేశమే. అయితే రికార్డులో లక్క పాలు తక్కువే. బరువులో ఎక్కువ భాగం పలకరాతి పొడి, బెరైటీసు వంటి ఖనిజాలది. ఈ రాతిపొడిని కలపడానికి కారణం ఉంది. కొత్త ఉక్కు సూది మొన గుండ్రంగా ఉంటుంది, గాడి ఆకారంతో సరిపోదు. సూదిని బిగించే సౌండు బాక్సు బరువు వంద గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంత బరువు మోస్తూ నడిచే సూదిని మొదటి కొన్ని చుట్లలోనే రాతిపొడి సానపట్టి, గాడికి సరిపడేలా చేస్తుంది. అంటే 78 ప్లేటు ముల్లును అరగదీయడానికే తయారైంది. అరిగేది ముల్లు అయితే ప్లేటు మన్నుతుందన్నది అప్పటి లెక్క.

పది అంగుళాల ప్లేటు ఒక వైపు గాడిని విప్పి చాపితే సుమారు 120–130 మీటర్లు. అంత దూరం నడిచేసరికి సూది మొనకు రెండు పక్కలా చదును తలాలు ఏర్పడతాయి. సూదిని కదపకుండా ఉంచినంతవరకు ఆ తలాలు గాడి గోడలకు ఆనుకునే ఉంటాయి. ఒకసారి తీసి మళ్ళీ బిగిస్తే సూది ఎంతో కొంత పక్కకు తిరుగుతుంది. చదును తలాల అంచులు గోడకు అడ్డంగా నిలిచి ఉలిలా పనిచేస్తాయి. తీయకుండా ఉంచినా, ప్లేటు చివర లోపలి చుట్లకు తగ్గట్టు అరిగిన మొన తరవాతి ప్లేటు బయటి చుట్లకు సరిపడదు. ఒక వైపుకు ఒక సూది అన్న నియమం ఇందువల్లే పుట్టింది. సూదులు అమ్ముకోవడానికి కంపెనీలు అల్లిన కథ అని చాలామంది అనుకున్నారు. ఆ అనుమానం ఖరీదు ప్లేట్ల మీద పడింది.

సూదులు చిన్న రేకు డబ్బాల్లో, సాధారణంగా 200 చొప్పున వచ్చేవి. సన్నవి మెల్లగా, లావువి గట్టిగా పాడతాయి. సన్నది వంగుతుంది కనుక కదలికలో కొంత దానిలోనే పోతుంది. డబ్బా అయిపోయి కొత్తది దొరకడానికి నాలుగు రోజులు పట్టే పల్లెల్లో ఒక సూదితో పది ప్లేట్లు వేయడం మామూలే. రాయలసీమలో దొరికే పాత ప్లేట్లను దీపం కింద వాలుగా పట్టి చూస్తే, బయటి చుట్లు నల్లగా నిగనిగలాడుతూ, లోపలి చుట్లు బూడిదరంగుకు తిరిగి కనిపిస్తాయి. ఆ బూడిదరంగు చెరిగిన గాడి. గాయకుడు గొంతెత్తిన చోట్లలో గాడి ఎక్కువ వంకర తిరుగుతుంది కాబట్టి అక్కడ పాలిపోవడం ఇంకా ఎక్కువ. కొన్ని ప్లేట్లలో పద్యం ఎక్కడ ఆగి రాగం ఎక్కడ మొదలైందో ఆ రంగు తేడాను బట్టే చెప్పవచ్చు.

ఉక్కుకు బదులు వేరేవీ వాడారు. వెదురు ముల్లును ప్రతిసారీ చిన్న కత్తెరతో కోసి కొత్త మొన తెచ్చుకునేవారు. కాక్టస్ ముల్లును గరుకు కాగితం మీద సానపట్టేవారు. వీటితో ధ్వని మెత్తబడుతుంది, హెచ్చు స్థాయి శబ్దాలు తగ్గుతాయి, బుసబుస కూడా తగ్గుతుంది. అమెరికాలో విక్టర్ కంపెనీ 1916లో టంగ్‌స్టన్ తీగ మొనతో సూదిని తెచ్చింది. ఆ తీగ పొడవునా ఒకే లావు. అరిగినా అడ్డుకోత మారదు కనుక చాలా ప్లేట్లకు పనికొచ్చేది.

నీలమణి, వజ్రం

1948లో కొలంబియా కంపెనీ ఎల్.పి.ని తెచ్చాక ముల్లుకూ ప్లేటుకూ ఉన్న సంబంధం తలకిందులైంది. ఎల్.పి. వినైల్‌ది, అందులో రాతిపొడి ఉండదు. గాడి సన్నబడింది, చుట్లు నిమిషానికి 33⅓కి తగ్గాయి. 78 ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 65–75 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. తొలి ఎల్.పి. ముల్లుది 25, 1958 ప్రాంతంలో స్టీరియో వచ్చాక అది 13–18 మైక్రాన్లకు దిగింది. మెత్తని ప్లేటు మీద గట్టి ముల్లు నడవాలి, రెండూ అరగకూడదు. ఉక్కు సూది గ్రామఫోను మీద ఎల్.పి. పెడితే ఒక్కసారికే గాడి నాశనమవుతుంది.

గట్టిదనాన్ని కొలిచే మోస్ మానం మీద నీలమణిది 9, వజ్రానిది 10. అంకెల్లో ఒక మెట్టే గానీ, అరుగుదలలో తేడా చాలా ఎక్కువ. నీలమణి ముల్లు కొన్ని పదుల గంటలు మంచిగా పాడుతుంది. వజ్రానికి మామూలుగా చెప్పే ఆయువు 500 నుంచి 1000 గంటలు. మొన ఆకారం, మోసే బరువు, ప్లేట్ల శుభ్రత వీటిని బట్టి ఈ లెక్క పెరుగుతుంది, తరుగుతుంది. ఆట మొదలయ్యే ముందు రోజుకు రెండు గంటలు రికార్డులు వేసే టూరింగ్ టాకీసులో 50 గంటల నీలమణి ముల్లు నెల తిరక్కముందే మారాలి. వజ్రమైతే ఎనిమిది నెలలైనా వస్తుంది. మార్చారా అన్నది వేరే ప్రశ్న. గుడారం మీది లౌడు స్పీకరుకు కావలసింది ఊరి చివరిదాకా వినబడడం. అరిగిన ముల్లు వల్ల స ఎక్కడ శ అయిందో అక్కడ పట్టించుకునేవారు తక్కువ.

వజ్రం వినైల్ మీద ఎందుకు అరగాలన్నది సహజంగా వచ్చే సందేహం. ముల్లు మీది బరువు గ్రామున్నర అయినా, అది గోడకు ఆనే చోటు కొన్ని పదుల చదరపు మైక్రాన్లే. లెక్క వేస్తే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వేల కిలోలు. దానికి ఒరిపిడి వేడి, గాడిలోని దుమ్ము తోడవుతాయి. నడిచే దూరమూ తక్కువేమీ కాదు. ఎల్.పి. గాడి ముల్లు కింద బయటి చుట్లలో సెకనుకు అర మీటరు, లోపలి చుట్లలో 20 సెంటీమీటర్ల పైన కదులుతుంది. వెయ్యి గంటలకు ఇది సుమారు 1,300 కిలోమీటర్లు: జాతీయ రహదారిలో బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళి తిరిగి వచ్చినా ఇంకా మిగిలే దూరం.

ముళ్ళ ఆకారాలు ఈ సమస్య చుట్టూనే మారుతూ వచ్చాయి. గోళాకారపు మొన చవక, బిగింపులో చిన్న తేడాలను ఓర్చుకుంటుంది. దీర్ఘవృత్తపు మొన గాడి పొడవు దిశలో సన్నగా ఉండి చిన్న అలల్లోకి దిగుతుంది. అయితే ఆనే చోటు చిన్నది కనుక ఎక్కువ బరువు పెడితే త్వరగా అరుగుతుంది, అరగదీస్తుంది. 1970లలో జపాన్‌లో జె.వి.సి. సంస్థకు చెందిన నోరియో షిబాతా, నాలుగు చానళ్ళ రికార్డుల కోసం, గోడ వెంట నిలువుగా పొడుగ్గా ఆనే మొనను రూపొందించారు. ఒత్తిడి పొడవునా పంచుకుంటుంది కాబట్టి అరుగుదల తగ్గింది, చిన్న అలలూ అందాయి. షిబాతా రకం, దాని తరవాతి సన్నగీత మొనలు వాడేవారికి ఖర్చు ఎక్కువ, బిగించేటప్పుడు జాగ్రత్తా ఎక్కువే కావాలి. మరో తేడా బయటికి కనిపించదు: కొన్ని ముళ్ళు పూర్తిగా వజ్రపు తునకలు, చవకవాటిలో లోహపు కాడకు కొసనే వజ్రం అంటించి ఉంటుంది. కాడ బరువు పెరిగితే వేగమైన కదలికలను ముల్లు వెంబడించలేదు.

చెవికి తెలిసే గుర్తులు

అరుగుదల మొదట దెబ్బతీసేది హెచ్చు స్థాయి శబ్దాలను. గాడి లోపలి చుట్లలో సెకనుకు 21 సెంటీమీటర్లు కదులుతోందనుకుంటే, సెకనుకు పదివేల కంపనాలున్న శబ్దపు అల పొడవు అక్కడ 21 మైక్రాన్లే. బయటి చుట్లలో అదే శబ్దం 51 మైక్రాన్ల జాగాలో పరుచుకుంటుంది. అరిగిన ముల్లుకు గాడి పొడవు దిశలో 15, 20 మైక్రాన్ల చదును ఏర్పడితే, బయట ఎలాగో నెట్టుకొచ్చినా లోపలి చుట్లలో అల మొత్తం ఆ చదును కిందే పోతుంది. మొన అలలోకి దిగలేదు. దాని శిఖరాల మీద నుంచి జారుతూ, అంచులతో వాటిని గీకుతూ సాగుతుంది.

ఇది వినేవాడికి ఇలా తెలుస్తుంది. స, శ, ష, చ అక్షరాలు ఉమ్మినట్టు, చీరుకుపోయినట్టు పలుకుతాయి. తాళం చప్పుడు చిరిగిన రేకు మీద కొట్టినట్టు ఉంటుంది. హార్మోనియం, వేణువు మీద గరగర పడుతుంది. గట్టి పలుకులు విడివిడిగా తెలియకుండా ముద్దగా కలిసిపోతాయి. ఈ గుర్తులు ప్లేటు మొదట్లో తక్కువగా, చివరికి వచ్చేకొద్దీ ఎక్కువగా ఉంటాయి. కొత్త ముల్లు కూడా లోపలి చుట్లలో కొంత తడబడుతుంది, అది రికార్డు నిర్మాణంలోనే ఉన్న లోపం. అరిగిన ముల్లు ఆ తడబాటును బయటి చుట్లకూ విస్తరిస్తుంది. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఎల్.పి. వంటివాటిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. సంయుక్తాక్షరాలు నిండిన సంస్కృత శ్లోకం, వెంట నింపాదిగా సాగే తెలుగు తాత్పర్యం: ముల్లు అరిగితే మొదట శ్లోకమే మసకబారుతుంది, తాత్పర్యం చాలాకాలం బాగానే వినిపిస్తుంది. మాట బాగుంది గనుక ముల్లు బాగుందనుకోవడం అందువల్ల పొరపాటు.

1925కు ముందు బాకాలోకి పాడించి చేసిన రికార్డుల విషయం వేరు. వాటిలో సెకనుకు రెండు, రెండున్నర వేల కంపనాలకు పైనున్న శబ్దం దాదాపు ఎక్కనే లేదు. స, శ అక్షరాల బలమంతా అంతకు పైనే ఉంటుంది. ఆ ప్లేట్లలో ఊష్మాలు వినబడకపోవడానికి ముల్లును తప్పుపట్టనక్కర లేదు. అక్కడ అరుగుదల బుసగా, గట్టి స్వరాల మీద పగులుగా బయటపడుతుంది.

స్టీరియోలో ఇంకో గుర్తు ఉంది. ముల్లును మోసే టోన్ ఆర్మ్ సహజంగా ప్లేటు కేంద్రం వైపు లాగుతుంది. ఆ లాగుడుకు విరుగుడు సరిగ్గా అమర్చకపోతే ముల్లు లోపలి గోడకు ఒత్తుకుంటుంది, బయటి గోడ మీద పట్టు తప్పుతుంది. లోపలి గోడ ఎడమ చానలుది, బయటిది కుడిది. అందుకని చీరుడు ముందు కుడి స్పీకరులో వినిపిస్తుంది, ముల్లు మాత్రం లోపలి పక్క ఎక్కువ అరుగుతుంది.

దుమ్ము, బరువు

దుమ్ము బెడద రాయలసీమ వంటి పొడి చోట ఎక్కువ. అక్కడి సోమందేపల్లి చుట్టుపక్కల నేల ఎర్రది, గ్రానైటు రాళ్ళది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం ఉన్న అనంతపురం, దేశంలోనే అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఒకటి. పొడి గాలి వినైల్‌కు శత్రువు. సంచి లోంచి తీసేటప్పుడు ఒరిపిడికి పుట్టిన స్థిరవిద్యుత్తు తేమ లేని గాలిలో త్వరగా పోదు. ప్లేటు దుమ్మును లాక్కుంటుంది. ఆ దుమ్ములోని క్వార్ట్జ్ రేణువు మోస్ మానం మీద 7. వినైల్ దాని ముందు వెన్నతో సమానం. ముల్లు ఒత్తిడికి ఆ రేణువు గోడలో దిగబడితే అక్కడ ఎప్పటికీ టిక్కుమంటుంది. దిగబడకపోతే ముల్లుతో పాటు కదులుతూ రెంటినీ రాస్తుంది.

బరువు సంగతి మైకుసెట్టు నడిపినవారికి తెలుసు. ముల్లు గాడి తప్పి దూకుతుంటే ఆర్మ్ తల మీద ఒక నాణెం పెట్టడం పెళ్ళి పందిళ్ళలో, జాతరల్లో అలవాటు. పాత నికెల్ పావలా బరువు 2.5 గ్రాములు. ముల్లు కదలికను కరెంటుగా మార్చే సిరామిక్ కార్ట్రిడ్జి ఉన్న చవక ప్లేయరు మామూలుగానే నాలుగైదు గ్రాములకు తక్కువ కాకుండా మోపుతుంది; దాని మీద పావలా పెడితే బరువు సగానికి సగం పెరిగినట్టే. దూకడం ఆగుతుంది. దూకడానికి కారణం ముల్లు అరగడమే అయితే, ఆ పావలా అరిగిన అంచులను గోడలోకి ఇంకా లోతుగా నొక్కుతుంది. అయితే మరీ తక్కువ బరువూ మంచిది కాదు. పట్టు చాలని ముల్లు గట్టి స్వరాల దగ్గర ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ సరైన బరువుతో సాఫీగా నడిచే ఒరిపిడి కన్నా హానికరం. తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచుకు దగ్గరగా ఉంచడం క్షేమం.

1950ల నుంచి 1970ల దాకా 78, ఎల్.పి. రెండూ మోగించే ప్లేయర్లలో రెండు మొనల ముల్లు ఉండేది; చిన్న మీట తిప్పి కావలసిన మొన దించాలి. మన దేశంలో 78లు 1960ల చివరి దాకా అచ్చవుతూనే ఉన్నాయి గనుక ఈ మీట అవసరం ఇక్కడ ఎక్కువ కాలం ఉంది. తొందరలో తిప్పడం మరిస్తే లావు మొన ఎల్.పి. గాడి అంచుల మీద ఊరేగేది, సన్న మొన 78 గాడి అడుగున మురికిలో ఈదేది. రెండో తప్పులో రాతిపొడి ఎల్.పి. మొనను త్వరగా తినేస్తుంది. రెండు రకాల ప్లేట్లకూ ఒకే మొన వాడిన ఇళ్ళలో ఎల్.పి.లు బాగుండడం అరుదు.

పరీక్ష, సంరక్షణ

ముల్లు అరిగిందీ లేనిదీ కంటితో చూసి చెప్పలేరు. గోటి మీద గీసి చూడడం చాలామంది చేసేదే గానీ, గీత పడేటప్పటికి నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. వంద నుంచి రెండు వందల రెట్లు పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శిని కింద పెట్టి పక్క నుంచి వెలుగు పంపాలి. బాగున్న మొన మీద వెలుగు చుక్కలా మెరుస్తుంది. అరిగిన మొనకు రెండు పక్కలా అద్దపు ముక్కల్లాంటి చదునులు తళుక్కుమంటాయి. ఆ చదునుల అంచు పదునుగా కనబడితే ముల్లు ఆ రోజే మార్చాలి. సూక్ష్మదర్శిని లేనివారికి ఉన్న దారి గంటల లెక్క రాసుకోవడం. ఎల్.పి. రెండు వైపులా కలిపి నలభై నిమిషాలనుకుంటే, 500 గంటలు అంటే 750 సార్లు.

చెడ్డ ధ్వనికంతటికీ అరుగుదలే కారణం కాదు. మొనకు నూగు ముద్ద అంటుకుంటే ఇవే గుర్తులు కనిపిస్తాయి, అది బ్రష్షుతో పోతుంది. బ్రష్షును వెనక నుంచి ముందుకే, ప్లేటు తిరిగే దిశలోనే తీయాలి. పక్కకు తీస్తే మొనను మోసే సన్నటి కాడ వంగుతుంది. ఆ కాడ చుట్టూ ఉన్న రబ్బరు కాలం గడిచేకొద్దీ, వేడికి ఇంకా త్వరగా, గట్టిపడుతుంది. వజ్రం కొత్తదిలా ఉన్నా పాట చీరుకుపోతుంటే అనుమానించవలసింది ఈ రబ్బరును. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉండిపోయిన పాత స్టాకు ముల్లు కొనేవారికి ఇది ముఖ్యం.

అరిగిన గాడిని తిరిగి వినడం

అరిగిన ప్లేటు అంటే పోయిన ప్లేటు కాదు. ముల్లు గాడి గోడను మొత్తం తాకదు, ఒక ఎత్తులో మాత్రమే ఆనుతుంది. పాత ఉక్కు సూదులు ఎక్కువగా నమిలిన భాగానికి పైనో కిందో గోడ బాగానే ఉండవచ్చు. రికార్డులను డిజిటలుకు ఎక్కించే నిపుణులు అందుకే ఒకే 78కి వేరువేరు లావుల ముళ్ళు, కొస నరికినవి, మార్చి మార్చి పెట్టి చూస్తారు. ఒక ముల్లుతో బుస తప్ప ఏమీ వినిపించని రాగం మరో ముల్లుతో తేటగా పలకవచ్చు. వైపు మొత్తానికి ఒకే ముల్లు సరిపోవాలనీ లేదు. బయటి చుట్లకు ఒకటి, చివరి రాగానికి ఒకటి వాడి తరవాత అతకడమూ ఉంది.

ముల్లే లేకుండా చదివే పద్ధతులూ వచ్చాయి. జపాన్‌లో ఈ.ఎల్.పి. సంస్థ లేజరు కిరణంతో గాడిని చదివే టర్న్‌టేబుల్‌ను అమ్మింది. అది అరుగుదల తేదు గానీ, ముల్లు పక్కకు నెట్టి పోయే దుమ్మును కూడా శబ్దంగానే చదువుతుంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన కార్ల్ హేబర్ బృందం 2000ల్లో గాడిని ఫొటోలు తీసి, బొమ్మ నుంచి ధ్వనిని లెక్కగట్టే ఐరీన్ పద్ధతిని తయారుచేసింది. పగిలిన ప్లేట్లకు, ముల్లు మోపడానికి వీల్లేనంత చెడినవాటికి ఇది వాడుతున్నారు. గాడి గోడ పై నుంచి కింద దాకా ఊడిపోయిన చోట మాత్రం ఏ కిరణమూ, ఏ ఫొటో కూడా తిరిగి తేగలిగింది లేదు. ఎక్కువసార్లు మోగిన పద్యాల ప్లేట్లకే ఆ గతి ఎక్కువ పట్టింది. అలాంటప్పుడు అదే అచ్చు నుంచి వచ్చిన, తక్కువసార్లు మోగిన ఇంకో ప్రతిని వెతికి తేవడమే దారి.